చెక్ డ్యామ్ పూర్తయింది... మరి నీళ్ళు?

మొన్న ఆదివారం పొద్దున ఎనిమిదింటికే మా నాయన ఫోన్ చేశాడు. ఆదివారం నేను పదింటికి గానీ లేవనని ఆయనకి బాగా తెలుసు. అయినా చేశాడంటే ఏదో ఉందన్నమాటే.

"ఏమిరా, ఇంకా పడుకోనుండావా? ఇంగో బోరు ఏద్దామనుకుంటాండా. లక్షన్నర దాకా అయితాదంట. నువ్వు కంప్యూటర్లో అన్నీ చూస్తావు కదా, మన సేన్లో నీళ్ళు ఉండాయో లేదో ఒక తూరి చూసి చెప్పు."

మాది అనంతపురం జిల్లా. మూడెకరాల చీనీ తోట. ఇప్పటికి మూడు బోర్లు వేశాం. రెండు ఎండిపోయాయి. మూడోది పోస్తోంది గానీ, పోయిన వేసవి నుంచి ధార సన్నబడిందని నాయన గొడవ. చీనీ చెట్టు శెనక్కాయ లాంటిది కాదు, ఈ ఏడు పోతే వచ్చే ఏడు చూసుకుందాం అనుకోడానికి. ఒక వేసవి నీళ్ళు అందకపోతే పదేళ్ళు పెంచిన చెట్టు పోతుంది. అందుకే అడిగాడు. డబ్బులిచ్చేది నేనే కాబట్టి కూడా అడిగాడనుకోండి :)

ఉద్యోగంలో నేను చేసేది డ్యాష్‌బోర్డులే. ఎవడో ఎక్కడో నొక్కిన ప్రతి నొక్కుడికీ ఒక గ్రాఫ్ గీసి మేనేజర్లకి చూపించడం. కాబట్టి ధీమాగా కూర్చుని ప్రభుత్వ పోర్టళ్ళు తెరిచాను. మా ఊరి పేరు కొట్టగానే బోలెడు వచ్చింది. చెక్ డ్యామ్, ఊట కుంట, పంట కుంటలు, కందకాలు. ఒక్కోదానికి ఎంత ఖర్చయింది, ఏ ఏడాది కట్టారు, అక్షాంశం రేఖాంశం, ఫోటో... అన్నిటి పక్కనా "పూర్తయింది" అని ఉంది.

నాయన అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. మా చేను కింద నీళ్ళు పోయినేటికంటే పైకొచ్చాయా, కిందికి పోయాయా?

ఇంత లెక్క రాసినవాళ్ళు ఆ ఒక్క లెక్క ఎందుకు రాయలేదా అని పుస్తకాలూ రిపోర్టులూ తిరగేయడం మొదలుపెట్టాను. రెండు వారాల పాటు రాత్రుళ్ళు అదే పని. చివరికి నాకర్థమైంది ఒకటే: నేల మీదా నీళ్ళ మీదా పెట్టిన డబ్బుకి లెక్క అడిగేవాళ్ళు మనకి ఎప్పుడూ ఉన్నారు. కానీ డబ్బు పెట్టినవాడికి ఏది కావాలో అదే కొలిచారు. నీళ్ళు కావాల్సినవాడి ప్రశ్న ఆ లెక్కలో అరుదుగా ఉంది. అది ఎలాగో కాస్త ఓపికగా చదవండి.

ముందు 1369కి వెళ్దాం. కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువుంది. విజయనగరం మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. దాని దగ్గర వేయించిన శాసనం చదివితే మనవాళ్ళకి మతి పోతుంది. ఆ చెరువుకి వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళు పట్టాయని రాసి ఉంది. అంటే మనం ప్రాజెక్ట్ ప్లాన్‌లో రాసుకునే మనుషులు, సామాను, గడువు అన్నమాట. అసలు విషయం అది కాదు. మంచి చెరువుకి ఉండాల్సిన 12 సాధనాలు, ఉండకూడని 6 దోషాలు కూడా అందులోనే ఉన్నాయి. కట్ట నుంచి నీళ్ళు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒక దోషం (ఇది ఇప్పటి రాష్ట్రాలు గోడ మీద రాసుకోవాల్సిన మాట). నీళ్ళు కొంచెం, తడపాల్సిన నేల ఎక్కువ అయితే దోషం. నీళ్ళు ఎక్కువై నేల చాలకపోయినా దోషమే.

చివరి రెండూ చూశారా? చెరువు ఎంత పెద్దది అని కాదు ప్రశ్న. వచ్చే నీటికీ వాడే నేలకీ పొంతన కుదిరిందా అని. ఆరున్నర శతాబ్దాల కింద రాయి మీద చెక్కిన ఈ మాట తర్వాత కాగితం మీదికి ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

ఇప్పుడు తెల్లదొరల కాలానికి రండి. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు కాటన్ దొర. గోదావరి డెల్టాలో శిస్తు బ్రహ్మాండంగా పెరిగింది, పెట్టిన డబ్బుకి లాభం వచ్చింది. అది చూసి 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తుంగభద్ర నీళ్ళతో కర్నూలు - కడప కాలువ తవ్వింది. మన కె.సి. కెనాల్. అది కంపెనీకి నష్టం తెచ్చింది. చివరికి 1882లో ప్రభుత్వమే కొనేసుకుంది.

రెండిటినీ ఒకే కొలబద్దతో కొలిచారు. పెట్టుబడికి వడ్డీ వచ్చిందా, రాలేదా. ఆ లెక్కలో డెల్టా పాసు, రాయలసీమ ఫెయిలు. ఈలోగా 1876-78లో ధాత కరువు వచ్చి రాయలసీమనీ చుట్టుపక్కల జిల్లాలనీ ఊడ్చేసింది. చచ్చిపోయినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అప్పటికి గానీ వడ్డీ లెక్క ఒక్కటే సరిపోదని సర్కారుకి తట్టలేదు. క్రమంగా పనులని రెండు రకాలుగా విడగొట్టారు. వడ్డీ తెచ్చిపెట్టేవి "ప్రొడక్టివ్", కరువు నుంచి కాపాడేవి "ప్రొటెక్టివ్". 1901-03లో స్కాట్ మాంక్రీఫ్ అధ్యక్షతన వేసిన ఇరిగేషన్ కమిషన్ ఈ రెండో రకం గురించి చాలా చర్చించింది. అయితే ఈ రెండో రకానికి కూడా కొలబద్ద ఏమిటో తెలుసా? రేపు కరువొస్తే సర్కారుకయ్యే సహాయం ఖర్చు ఎంత తగ్గుతుంది అన్నది. అంటే మళ్ళీ ఖజానా లెక్కే. రైతు ఆ లెక్కలో ఉన్నాడు గానీ, ఖర్చు పద్దులో ఉన్నాడు.

అయితే దొరల హయాంలో ఒక మంచి పని జరిగింది, అది కూడా చెప్పాలి. 1883లో మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. సర్వే బృందాలు చెరువు చెరువుకీ తిరిగి "ట్యాంక్ మెమోయిర్" అని ఒక చరిత్ర పుస్తకం లాంటిది తయారు చేశాయి. చెరువులోకి ఎంత మేర నుంచి నీళ్ళొస్తాయి, ఎంత పడుతుంది, కట్ట ఎంత ఎత్తు, మరువ ఎంత పొడుగు, తూములు ఎన్ని, ఆయకట్టు ఎంత... అన్నీ. ఎందుకు చేశారంటే ఆయకట్టు మీద తరి శిస్తు వస్తుంది కాబట్టి. ఉద్దేశం ఏదైనా ఒక బేస్‌లైన్ తయారైంది. రేపు చెరువు చెడిపోతే "ఇంతకుముందు ఎలా ఉండేది?" అన్న ప్రశ్నకి జవాబుంది. బేస్‌లైన్ లేకుండా "ఇంప్రూవ్ అయింది" అనేవాడిని మన ఆఫీసులో ఎవరైనా నమ్ముతారా?

స్వాతంత్ర్యం తర్వాత కథ మారింది. 1970-71లో మొదలైన రూరల్ వర్క్స్ ప్రోగ్రామ్‌ని 1973-74లో డి.పి.ఏ.పి. (కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం) చేశారు. 1977-78లో ఎడారి అభివృద్ధి పథకం వచ్చింది. వడ్డీ అడిగేవాళ్ళు పోయారు, మంచిదే. కానీ వాళ్ళ స్థానంలో రెండు మాటలొచ్చాయి. "ఫిజికల్ ప్రోగ్రెస్", "ఫైనాన్షియల్ ప్రోగ్రెస్". ఎన్ని పనులు అయ్యాయి, ఎంత ఖర్చయింది. ఖర్చయినట్టు యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తే తర్వాతి విడత వస్తుంది. వ్యవస్థ అడిగింది అదే కాబట్టి, కింద ఉద్యోగి ఇచ్చిందీ అదే. ఇందులో అతని తప్పేం లేదు. మూసిన టికెట్లని బట్టి హైకులిస్తామంటే మనం మాత్రం ఏం చేస్తాం? టికెట్లు మూస్తాం. బగ్ పోయిందా లేదా అన్నది తర్వాత సంగతి.

ఇరవై ఏళ్ళ తర్వాత ఈ పథకాల మీద సమీక్షకి ఒక కమిటీ వేశారు. దాని అధ్యక్షుడు మన తెలుగువాడే, కరీంనగర్ జిల్లాలో పుట్టిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారు. 1994లో ఆ కమిటీ రిపోర్టు వచ్చింది. డబ్బుని తలా ఇంత పంచి, సంబంధం లేని పనులు చేస్తే లాభం లేదు, వాన నీరు ఎక్కడ పడి ఎటు పారుతుందో ఆ హద్దునే యూనిట్‌గా తీసుకోండి, ఊరివాళ్ళ చేతుల్లో పెట్టండి అన్నది దాని సారాంశం. 1995 ఏప్రిల్ నుంచి కొత్త మార్గదర్శకాలు. ఒక్కో వాటర్‌షెడ్ సుమారు 500 హెక్టార్లు, హెక్టారుకి 4,000 రూపాయలు. అంటే 20 లక్షలు. ఊళ్ళో వాటర్‌షెడ్ కమిటీ. మన పల్లెల్లో "వాటర్‌షెడ్" అనేది తెలుగు మాట అయిపోయింది ఈ కాలంలోనే.

తర్వాత 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో "నీరు-మీరు" వచ్చింది. నాకప్పుడు ఊహ కూడా తెలీదు గానీ, మా ఊరి బడి గోడ మీద ఆ రాతలు నేను చదువుకునే రోజుల్లో కూడా చెరిగిపోలేదు. దాని ప్రగతిని ఎలా చెప్పేవారంటే, నీళ్ళు నిలవడానికి ఇన్ని ఘనపు మీటర్ల జాగా కొత్తగా ఏర్పడిందని. ఒక్కసారి ఆలోచించండి. జాగా! బిందె ఎంత పెద్దదో చెప్పారు. అందులోకి నీళ్ళొచ్చాయా అన్నది వేరే లెక్క. ఏటా 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరంగా పడని అనంతపురంలో బిందెలు పెరిగినంత మాత్రాన నీళ్ళు పెరగవు కదా.

దీనికి కళ్ళు తెరిపించే జవాబు 2003లో వచ్చింది. ఏ.పి. రూరల్ లైవ్లీహుడ్స్ ప్రాజెక్ట్ కింద అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం, అప్పటి కర్నూలు జిల్లా డోన్ మండలాల్లో "వాటర్ ఆడిట్" చేశారు. పనులని కాకుండా నీటిని లెక్కపెట్టారు. వాన ఎంత, భూమిలోకి ఎంత, చెరువుకి ఎంత, బోర్లు తోడింది ఎంత. తేలింది ఏంటంటే, పైన వంకల్లో చెక్ డ్యాములు కట్టి, వాటి పక్కనే బోర్లు పెరిగేసరికి, కింద చెరువులకి వచ్చే నీళ్ళు తగ్గిపోయాయి. నీళ్ళు కొత్తగా పుట్టలేదు, చోటు మారాయి. చెరువు మీద ఆధారపడ్డ పశువులు, చేపలు పట్టేవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, చివరి ఆయకట్టు రైతులు నష్టపోయారు. బోరు వేసుకోగలిగినవాడు లాభపడ్డాడు.

నాకు ఇది చదివి నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా మొదటి బోరు వేసింది చెక్ డ్యామ్ కట్టిన మరుసటేడే. మా ఊరి చెరువు నిండగా నేను చూసింది చిన్నప్పుడు ఒక్కసారే. "మా కాలంలో మరువ దూకేది" అని అవ్వ అంటే, ముసలోళ్ళ కబుర్లు అనుకునేవాడిని. అదే చెక్ డ్యామ్ నీళ్ళతో వచ్చిన చీనీ డబ్బులతోనే నా ఇంజనీరింగ్ ఫీజు కట్టారు. ఆ లెక్కలో లాభపడిన పద్దు నేనే అన్నమాట.

సరే, ఇంతకీ దీన్ని సరిగ్గా కొలవడం అంత కష్టమా అంటే, కష్టమే. వాన బాగా పడిన ఏడాది ఏ పథకమైనా సూపర్ హిట్టే. పడని ఏడాది ఎంత మంచి పనైనా ఫ్లాపే. కాబట్టి పథకం ముందు కొలత ఉండాలి, పథకం లేని పక్క ఊరితో పోల్చాలి, వాన తేడా తీసేయాలి, కనీసం ఐదారేళ్ళు కొలవాలి. కింద ఊరికి ఏమైందో కూడా చూడాలి. దీనికి డబ్బు ఎంత ఇచ్చారో చూద్దాం. 2008 ఉమ్మడి మార్గదర్శకాల్లో మైదాన ప్రాంతానికి హెక్టారుకి 12,000 రూపాయలు. అందులో మానిటరింగ్‌కి 1 శాతం, ఇవాల్యుయేషన్‌కి 1 శాతం. 5,000 హెక్టార్ల ప్రాజెక్ట్ అంటే 6 కోట్లు, మానిటరింగ్‌కి 6 లక్షలు. ఐదేళ్ళ మీద పంచితే హెక్టారుకి ఏడాదికి 24 రూపాయలు! మన ఆఫీసు కింద బండి మీద ఒక టీ, ఒక బిస్కెట్. టెస్టింగ్‌కి ఇంత బడ్జెట్ ఇచ్చే క్లయింట్ ఉంటే వాడి సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందో మనకి తెలీదా?

ఇదేదో మన ఒక్కళ్ళ జబ్బు కాదు. మహారాష్ట్రలో 2014 చివర్లో మొదలైన జలయుక్త్ శివార్ మీద 9,600 కోట్ల రూపాయలకు పైగా ఖర్చు పెట్టారు. భూగర్భ జలాలు పెరగడంలో దాని ప్రభావం అంతంతమాత్రమేనని 2020లో కాగ్ తేల్చింది.

మరి మంచి ఉదాహరణలే లేవా అంటే ఉన్నాయి, అందులో ఒకటి మన దగ్గరే. 2003 నుంచి 2009 దాకా ఎఫ్.ఏ.ఓ. సాయంతో ఏ.పి. రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాలు అనే ప్రాజెక్ట్ (ఏ.పి.ఎఫ్.ఏ.ఎం.జి.ఎస్.) నడిచింది. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ... 7 జిల్లాలు, 638 ఊళ్ళు. ఇందులో చెక్ డ్యాముల హడావుడి లేదు. రైతులకి కొలవడం నేర్పారు, అంతే. వర్షమాపకం రైతే చదివాడు. బావిలో నీటిమట్టం రైతే కొలిచాడు. బోరు ఎంత పోస్తుందో రైతే లెక్కగట్టాడు. వానాకాలం అయ్యాక అందరూ కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకునేవారు. భూమిలోకి ఇంత వచ్చింది, మనం వేద్దామనుకుంటున్న పంటలకి ఇంత కావాలి, ఇంత తక్కువ పడుతుంది. "వరి వేయొద్దు" అని ఎవరూ చట్టం చేయలేదు. లెక్క చూసుకుని ఎవరికి వాళ్ళే చాలామంది మార్చుకున్నారు.

పోరుమామిళ్ళ శాసనంలోని ఐదో దోషమూ ఆరో దోషమూ గుర్తున్నాయా? నీటికీ నేలకీ పొంతన. 634 ఏళ్ళ తర్వాత ఆ లెక్క మళ్ళీ వేశారు, అదీ రైతు చేత్తో!

కానీ ప్రాజెక్ట్ అయిపోయింది. సర్వర్‌కి డబ్బు కట్టడం ఆపేస్తే ఏమవుతుందో అదే అయింది. చాలా ఊళ్ళలో కొలతలు ఆగిపోయాయి.

ఉపాధి హామీ గురించి చెప్పకపోతే అన్యాయం. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలో మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. మన రాష్ట్రంలో దానికి సాఫ్ట్‌వేర్ రాసింది టి.సి.ఎస్. మస్టర్ రోల్, ఎం-బుక్ అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. సామాజిక తనిఖీల్లో ఊరందరి ముందూ లెక్కలు గట్టిగా చదివారు. "ఈ పేరు మీద డబ్బు డ్రా అయింది, నీకు ముట్టిందా?" అని అడిగితే దొంగ మస్టర్లు బయటపడ్డాయి. దేశమంతా వచ్చి చూసి నేర్చుకున్న పద్ధతి అది. 2016 నుంచి హైదరాబాద్ ఎన్.ఆర్.ఎస్.సి. వాళ్ళ భువన్ మీద పనుల ఫోటోలు, జియోట్యాగులు ఎక్కాయి. ఇవన్నీ గొప్పవే. కట్టని కుంటని కట్టినట్టు చూపడం కష్టమైంది. అయితే ఈ రెండూ ప్రధానంగా జవాబు చెప్పింది "డబ్బు తిన్నారా?", "పని జరిగిందా?" అన్న ప్రశ్నలకి. కూలీకి కావాల్సిన ప్రశ్న మొదటిది, కాబట్టి అతనికి న్యాయం జరిగింది. రెండోది ఢిల్లీకి కావాల్సిన ప్రశ్న. మా నాయన ప్రశ్న మూడోది.

ఆ ఫోటోలో చెక్ డ్యామ్ ఉంది. అది ఏ ఏడాది ఎన్ని రోజులు నిండింది? దాని పక్క బోర్లు ఎన్ని పెరిగాయి? కింద చెరువుకి ఏమైంది? ఆ కాలమ్స్ టేబుల్లోనే లేవు. లేని కాలమ్ మీద ఎంత గొప్ప డ్యాష్‌బోర్డు గీసినా ఏం లాభం?

కిందటి వారం ఊరెళ్ళాను. పోర్టల్ వదిలేసి పాత పెయింట్ డబ్బా పట్టుకుని చేనికి పోయాం. 20 లీటర్ల డబ్బా. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టా. మూడుసార్లు పట్టి చూస్తే సగటున 16 సెకన్లు. అంటే గంటకి 4,500 లీటర్లు.

"ఇది ఎక్కువనా, తక్కువనా?" అన్నాడు నాయన.

"పోయినేడు ఎంతుండెనో తెలిస్తే కదా నాయనా చెప్పేది" అన్నా.

ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. మేము కూడా రాసిపెట్టుకోలేదు మరి. సర్కారుని తిట్టే ముందు అది గుర్తొచ్చి సిగ్గేసింది. పక్క చేను చిన్నాయన కూడా వచ్చి, "మాది గూడా ఒక తూరి పట్టి సూడప్పా" అన్నాడు. ఆయనది 22 సెకన్లు. రెండు బోర్ల మధ్య దూరం నిండా రెండొందల అడుగులు లేదు. మేము నాలుగోది ఇంకా లోతుకి వేస్తే ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో అక్కడ ముగ్గురికీ అర్థమైంది. ఎవరూ పైకి అనలేదు.

ప్రస్తుతానికి బోరు ఆపాం. చివరి అరెకరంలో ముసలి చెట్లు తీసేసి, మిగతావాటికి డ్రిప్పు సరిచేయించాలని అనుకున్నాం. నాయనకి ఇది పూర్తిగా ఇష్టమేం కాదు. రేపు వేసవికి చెట్లు వాడితే "నీ మాట విని చెడినాను" అంటాడు, అనే హక్కు ఆయనకుంది. మోటారు షెడ్డులో మేకుకి ఒక నోటు పుస్తకం తగిలించి వచ్చాను. నెలకోసారి, తారీఖు, సెకన్లు. మొదటి గీత నేను రాశాను. రెండోది చిన్నాయన.

ఇది చదివేవాళ్ళలో ఊరికి బోరు డబ్బులు పంపేవాళ్ళు చాలామందే ఉంటారని నాకు తెలుసు. ఈసారి పంపే ముందు ఒక్క మాట అడగండి: పోయినేడు ఎన్ని సెకన్లు పట్టింది? చాలామటుకు జవాబుండదు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఇప్పటికే ఇలా రాసిపెట్టుకున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, మా పుస్తకానికి కూడా పనికొస్తుంది.